పేపర్లు వాళ్లవి, నెత్తురు మనది: లెక్క ఎవరు చూడాలి?



ఒక శాస్త్రవేత్త గొప్పవాడా కాదా అని యూనివర్సిటీలు ఎలా తేలుస్తాయో మీలో చదువుకున్న చాలామందికి తెలుసు. ఎన్ని పేపర్లు రాశాడు, ఏ పత్రికల్లో వచ్చాయి, మిగతావాళ్లు తమ పేపర్లలో వాటిని ఎన్నిసార్లు ప్రస్తావించారు, ఇదీ కొలత. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ కొలతను ఒకే ఒక్క అంకెలోకి కుదించాడు. దాని పేరు హెచ్-ఇండెక్స్. ఒకాయన రాసినవాటిలో 50 పేపర్లు ఒక్కొక్కటీ కనీసం 50 సార్లు వేరేవాళ్ల పేపర్లలో ప్రస్తావనకు వస్తే ఆయన హెచ్-ఇండెక్స్ 50. ఉద్యోగం, ప్రమోషన్, గ్రాంటు, అవార్డు అన్నీ ఇలాంటి అంకెల చుట్టూనే తిరుగుతాయి.

మంచిదే. పని చేసినవాడి పనికి లెక్క ఉండాలి. కానీ మనుషుల వలసల చరిత్రను డీఎన్ఏలో వెతికే శాస్త్రం ఉంది చూశారూ, అక్కడ ఆ లెక్కకు ఇంకో వైపు కూడా ఉంది. ఆ పేపరుకు ముడిసరుకు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరి చేతికి సూది గుచ్చితే వచ్చింది? నెత్తురు ఇచ్చిన ఆ మనిషికి, ఆ ఊరికి తిరిగి ఏం చేరింది? ఏ ప్రొఫెసర్ బయోడేటాలోనూ ఈ గడి ఉండదు. ఈ రోజు ఆ ఖాళీ గడి గురించి మాట్లాడుకుందాం.

దీనికోసం ఒక చెడ్డ శాస్త్రవేత్తను ఎంచుకోవడం తేలిక. అది మనకు పెద్దగా ఏమీ నేర్పదు. అందుకే ఈ రంగంలో అందరూ పెద్దాయనగా ఒప్పుకునే మనిషిని, పైగా జాతి అహంకారానికి ఎదురు నిలిచిన మనిషిని తీసుకుందాం. ఆయన పేరు లూకా కవాల్లీ-స్ఫోర్జా.

1922లో ఇటలీలోని జెనోవాలో పుట్టాడు. వైద్యం చదివాడు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జికి వెళ్లి బ్యాక్టీరియా జన్యువుల మీద పనిచేశాడు. తర్వాత ఇటలీకి తిరిగొచ్చి పార్మా లోయలోని చర్చి రిజిస్టర్లు పట్టుకున్నాడు. ఎవరు ఎవరిని పెళ్లాడారు, ఎవరికి ఎవరు పుట్టారు అని పాదిరీలు వందల ఏళ్లుగా రాసిపెట్టిన పుస్తకాలవి. వాటిని ఊళ్లవాళ్ల బ్లడ్ గ్రూపులతో కలిపి చూశాడు. కొండమీది చిన్న ఊళ్లలో ఒక ఊరికీ ఇంకో ఊరికీ తేడా ఎక్కువ, కింద మైదానంలోని పెద్ద ఊళ్లలో తేడా తక్కువ అని తేలింది. కారణం గొప్పా తక్కువా కాదు. జనం కొద్దిమందే ఉంటే తరతరానికీ కొన్ని జన్యువులు కేవలం అదృష్టం కొద్దీ పెరుగుతాయి, కొన్ని మాయమవుతాయి, అంతే. కొండమీది గూడేల్లో పుట్టి పెరిగిన మనకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

1970ల మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి, అక్కడే పేరు పొందాడు. ఆంథొనీ ఎడ్వర్డ్స్‌తో కలిసి మనుషుల వంశవృక్షాన్ని లెక్కలతో గీసే పద్ధతి తయారుచేశాడు. వాల్టర్ బోడ్మర్‌తో కలిసి 1971లో రాసిన పాఠ్యపుస్తకం చదివి ఎన్నో తరాల విద్యార్థులు తయారయ్యారు. 1994లో మెనోజ్జీ, పియాజ్జా అనే ఇద్దరితో కలిసి, మనుషుల జన్యువుల చరిత్ర, భూగోళం మీద వెయ్యి పేజీలు దాటిన పుస్తకం తెచ్చాడు. వ్యవసాయం వ్యాపించడమంటే పద్ధతి ఒక్కటే వ్యాపించడం కాదు, సాగుచేసే మనుషులే కదిలి వెళ్లారు అన్న వాదనను నిలబెట్టినవాళ్లలో ఆయనొకడు. భాషల చెట్టునూ జన్యువుల చెట్టునూ పక్కపక్కన పెట్టి చూసిందీ ఆయనే. పురావస్తు శాస్త్రం, భాషాశాస్త్రం, మానవశాస్త్రం అన్నీ ఆయన పేపర్లు తిరగేయక తప్పలేదు. 2018లో 96 ఏళ్ల వయసులో పోయాడు.

ఆయన లెక్కలన్నీ చెక్కుచెదరలేదని కాదు. యూరప్ పటం మీద ఆయన గీసిన అలల్లాంటి రంగుల్లో కొన్ని, వలసల వల్ల కాకుండా లెక్క వేసే పద్ధతి వల్లే అలా కనిపించవచ్చని 2008లో నోవెంబ్రే, స్టీఫెన్స్ అనే ఇద్దరు చూపించారు. శాస్త్రం అలాగే నడుస్తుంది. తప్పు పట్టేవాళ్లు కూడా ఆయన వేసిన దారి మీద నుంచే నడవాల్సి వచ్చింది. పలుకుబడి అంటే అదే.

ఆయనలో మనం గౌరవించాల్సింది ఇంకొకటి ఉంది. ట్రాన్సిస్టర్‌కు నోబెల్ అందుకున్న విలియం షాక్లీ, నల్లవాళ్లకు పుట్టుకతోనే తెలివి తక్కువని ప్రచారం చేస్తుంటే, కవాల్లీ-స్ఫోర్జా ఎదురుగా నిలబడి వాదించాడు. మనుషుల్ని జాతులుగా ముక్కలు చెయ్యడానికి శాస్త్రంలో ఆధారం లేదని జీవితమంతా చెప్పాడు. మన వైపు చూడండి. వందేళ్ల కిందట మద్రాసు మ్యూజియంలో థర్‌స్టన్ అనే ఆంగ్లేయుడు తలలూ ముక్కులూ కొలిచి, కులాల గురించి, తెగల గురించి ఏడు సంపుటాలు వేశాడు. అలాంటి కొలబద్దల మీద నిలబడ్డ జాతుల సిద్ధాంతాన్ని పక్కకు నెట్టిన తరం కవాల్లీ-స్ఫోర్జాది. అది చిన్న మేలు కాదు.

ఇక రెండో గడి సంగతి.

బయటివాళ్లు పిగ్మీలని పిలిచే అకా, ఎంబూటి లాంటి అడవి జనాల దగ్గరకు, మధ్య ఆఫ్రికాకు, 1960ల నుంచి ఆయన ఎన్నోసార్లు వెళ్లాడు. నెత్తురు నమూనాలు తెచ్చాడు. ఆయనే చెప్పుకున్న సంగతి ఒకటుంది. 1985లో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో ఒక బడిలో పిల్లల నుంచి నెత్తురు తీస్తుంటే, ఒక రైతు గొడ్డలి పట్టుకుని వచ్చాడట. మీరు పిల్లల నెత్తురు తీస్తే నేను మీ నెత్తురు తీస్తానన్నాడట. ఆ నెత్తురుతో మంత్రతంత్రాలు చేస్తారేమోనని అతను భయపడ్డాడని కవాల్లీ-స్ఫోర్జా అర్థం చేసుకున్నాడు.

మనం ఆ రైతు వైపు నుంచి చూద్దాం. ఎవరో వచ్చారు. బడిలో పిల్లలకు సూదులు గుచ్చుతున్నారు. ఎందుకో తల్లిదండ్రులకు తెలీదు. ఆ నెత్తురు ఎక్కడికి పోతుందో తెలీదు. అతను అడిగింది మంత్రాల గురించే అనుకున్నా, అందులో ఉన్న ప్రశ్న ఒకటే: మా పిల్లల నెత్తురుతో మీరేం చేస్తారు? ఆ ప్రశ్నకు జవాబు సూది తియ్యకముందే ఇవ్వాలి. ఏ తండ్రీ గొడ్డలి పట్టుకునే దాకా తేకూడదు.

1991లో ఆయన, ఆలన్ విల్సన్, మేరీ-క్లెయిర్ కింగ్ మొదలైనవాళ్లు ఒక పిలుపునిచ్చారు. ప్రపంచంలోని వందలాది జనసమూహాల డీఎన్ఏను సేకరించి భద్రపరచాలి, ఆలస్యమైతే అవకాశం చేజారిపోతుంది అని దాని సారాంశం. మానవ జన్యు వైవిధ్య ప్రాజెక్టు అలా పుట్టింది. ఉద్దేశం మంచిదే. యూరప్ వాళ్ల జన్యువులొక్కటే చదివితే అది మనిషి జన్యువు ఎలా అవుతుంది, అందరూ ఉండాలి కదా అన్నారు.

కానీ ఆ పిలుపు చదివిన ఆదివాసీలకు వేరే మాట వినపడింది. మీరు అంతరించిపోతున్నారు, పోయేలోపు మీ నెత్తురు దాచుకుంటాం అన్నట్టు వినపడింది. మేం పోకుండా ఉండటానికి మా అడవికీ, మా భూమికీ, మా పిల్లల ఆరోగ్యానికీ మీరేం చేస్తారు అని ఎదురు ప్రశ్న వేశారు. దానికి ప్రాజెక్టు దగ్గర జవాబు లేదు. ప్లానంతా తయారయ్యాక, జాబితాలు రాసుకున్నాక మాత్రమే వాళ్లు ఆదివాసీలతో మాట్లాడటం మొదలుపెట్టారు. 1993లో ప్రపంచ ఆదివాసీల మండలి ఆ ప్రాజెక్టును ఖండించింది. జనం దానికి పెట్టిన పేరు రక్తపిశాచి ప్రాజెక్టు.

ఆ కోపం ఊరికే రాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఈ ప్రాజెక్టుతో సంబంధం లేకుండా, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఒక పేటెంటు తీసుకుంది. పాపువా న్యూగినీలోని హగహాయ్ తెగ మనిషి నెత్తురు నుంచి పెంచిన కణాల మీద ఆ పేటెంటు 1995 మార్చిలో వచ్చింది. ప్రపంచమంతా గగ్గోలు పుట్టాక 1996లో వదులుకున్నారు. బ్రెజిల్‌లోని కరిచియానా, సురుయి తెగల కథ ఇంకా దగ్గరది. వాళ్ల నెత్తురు నుంచి పెంచిన కణాలు అమెరికాలో కోరియెల్ అనే లాభాపేక్ష లేని సంస్థ దగ్గర ఉన్నాయి. ఒకప్పుడు ఏ పరిశోధకుడైనా నమూనాకు 85 డాలర్లు కట్టి తెప్పించుకోగలిగేవాడు. ఈ సంగతి కరిచియానాలకు 1990ల నడుమ తెలిసింది. మందులిస్తామని చెప్పి నెత్తురు తీసుకున్నారు, మందులు రాలేదు అని వాళ్లు చెప్తూనే ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. నెత్తురు తీసిన తర్వాత అది అయిపోదు. అందులోని తెల్లకణాలకు ల్యాబులో ఒక వైరస్ ఎక్కిస్తే అవి ఆగకుండా పెరుగుతూ ఉంటాయి. మనిషి పోయినా కణాలు బతికే ఉంటాయి. ఒకసారి ఇచ్చిన కాస్త నెత్తురు వందల పేపర్లకు సరిపోతుంది. పంట ఒక్కసారి కోసి, ఏళ్ల తరబడి తినడం లాంటిది. విత్తనం ఇచ్చినవాడు మాత్రం బయటే ఉంటాడు.

ఇంత గొడవ జరిగినా ప్రాజెక్టు ఆగిపోలేదు, చిన్నదైంది. ల్యాబుల్లో అప్పటికే ఉన్న నమూనాలను ఒకచోట చేర్చి, 50కి పైగా జనసమూహాలకు చెందిన వెయ్యికి పైగా మనుషుల కణాలతో పారిస్‌లో ఒక భాండాగారం పెట్టి, 2002లో ప్రకటించారు. కరిచియానా, సురుయి అందులోనూ ఉన్నారు. అదే ఏడాది ఆ నమూనాల మీద వచ్చిన ఒక పేపరు ప్రపంచంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేవాటిలో చేరిపోయింది. అది తేల్చిందేంటి? మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో 93 నుంచి 95 శాతం ఏ ఒక్క జనసమూహంలో చూసినా లోపలే ఉంది, ఖండానికీ ఖండానికీ మధ్య ఉన్న తేడా 3 నుంచి 5 శాతమే. కవాల్లీ-స్ఫోర్జా జీవితమంతా చెప్పిన మాటే అది. జాతి అహంకారుల నోరు మూయించే అంకె అది. ఆ అంకెలో కరిచియానాల నెత్తురు కూడా ఉంది. వాళ్లకు మాత్రం ఆసుపత్రి రాలేదు.

ఇదీ మనం చెప్పదలచుకున్నది. ఒక శాస్త్రవేత్త నిజాయితీపరుడు కావచ్చు, ఆయన శాస్త్రం నిజం కావచ్చు, ఆ నిజం మనకే మేలు చెయ్యవచ్చు కూడా. అయినా బాకీ మిగులుతుంది. మంచి ఉద్దేశం అనుమతికి బదులు కాదు. పేపర్ల సంఖ్య ఆ బాకీ తీర్చదు.

ఆ తర్వాత ఆయన పక్షంవాళ్లు నేర్చుకున్నారు కూడా. 1997లో ప్రాజెక్టు ఉత్తర అమెరికా కమిటీ తెచ్చిన నీతి నియమావళిలో, ఒక్కో మనిషి సంతకమే చాలదు, ఆ సమూహం మొత్తం ఒప్పుకోవాలి అన్న మాట చేరింది. మరి అది ఎవరి పలుకుబడి? ఏ హెచ్-ఇండెక్స్‌కూ ఎక్కని ఆదివాసీ సంఘాల పలుకుబడి కాదూ?

సంతకం సంగతి వచ్చింది కాబట్టి అమెరికాలోనే జరిగిన ఇంకో కథ. అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున హవసుపాయి అనే చిన్న తెగ ఉంది. వాళ్లలో షుగరు వ్యాధి ఎక్కువ. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ల నెత్తురు తీసుకున్నారు. షుగరు గురించి అనే వాళ్లు నమ్మి ఇచ్చారు. అదే నెత్తురు మీద స్కిజోఫ్రీనియా గురించీ, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల గురించీ, వాళ్ల పూర్వీకులు ఆసియా నుంచి వచ్చారన్న దాని గురించీ పరిశోధన జరిగింది. 2003లో ఆ తెగ ఆడబిడ్డ కార్లెట్టా టిలూసి యూనివర్సిటీలో ఒక థీసిస్ ప్రసంగానికి వెళ్లి, దీనికి మా అనుమతి ఉందా అని లేచి అడిగింది. అలా బయటపడింది. కాగితం మీద రాసినది విశాలంగానే ఉందని పరిశోధకుల వాదన. నోటితో చెప్పినది షుగరు ఒక్కటే అని జనం మాట. కోర్టుకెళ్లారు. 2010 ఏప్రిల్‌లో యూనివర్సిటీ రాజీకొచ్చి 41 మందికి 7 లక్షల డాలర్లు కట్టింది. మిగిలిన నెత్తురు తిరిగి ఇచ్చేసింది. తెగవాళ్లు వెళ్లి, పాడుకుంటూ తమవాళ్ల నెత్తురు తెచ్చుకున్నారు. ఒక అమ్మాయి లేచి అడిగిన ఒక్క ప్రశ్న అంత దూరం వెళ్లింది.

ఇదంతా బ్రెజిల్, అమెరికా సంగతి, మనకేం అంటారా? హైదరాబాద్‌కే రండి.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ ఈ రంగంలో ప్రపంచ పటం మీద ఉన్న సంస్థ. దేశంలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు దారి వేసిన లాల్జీ సింగ్ అక్కడివాడే. ఆయన, కుమారస్వామి తంగరాజ్ కలిసి చేసిన పని దేశ చరిత్ర రాసే తీరునే మార్చింది. అండమాన్ దీవుల్లోని ఒంగీ, గ్రేట్ అండమానీస్ జనాల మీద 2005లో సైన్స్ పత్రికలో పేపరు వచ్చింది. 2009లో హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి నేచర్‌లో ఇంకోటి వచ్చింది. 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏతో అందులో తేల్చింది ఇది: ఈ దేశపు ప్రధాన భూభాగంలో చూసిన దాదాపు ప్రతి సమూహమూ రెండు పాత మూలాల కలయికే. ఒంగీలలో మాత్రం ఒక మూలం అసలు లేదు. అందుకే దేశం మొత్తం లెక్క వెయ్యడానికి ఒంగీలు కొలబద్ద అయ్యారు. ఎంతమంది ఉన్నారు ఒంగీలు? సుమారు వంద మంది. 140 కోట్ల మంది చరిత్ర చెప్పడానికి ఆ వంద మంది నెత్తురు కావాల్సొచ్చింది. 2015లో అమెజాన్ తెగలకు ఆస్ట్రేలియా, న్యూగినీ, అండమాన్ జనాలతో దూరపు చుట్టరికం ఉందని ఇంకో పేపరొచ్చింది. అందులో చూసింది కూడా మళ్లీ ఆ సురుయి, కరిచియానా నమూనాలే. అన్ని దారులూ అవే గూడేలకు చేరుతున్నాయి చూడండి.

మనవాళ్లలో కొందరు ఈ పేపర్ల ముక్కలు వాట్సాప్‌లో తిప్పుతూ, మనమే మొదటివాళ్లం అని రుజువైంది అని మురిసిపోతుంటారు. జాగ్రత్త. 2017లో గోండుల మీద వచ్చిన పేపరు చూడండి. గోండి ద్రావిడ భాష. కానీ గోండుల జన్యువులు ముండా భాషలు మాట్లాడే తెగలతో చాలావరకు కలుస్తాయని ఆ పేపరు చెప్పింది. అంటే గోండులు ద్రావిడులు కాకుండా పోయారా? కాదు. భాష ఒక దారిన వస్తుంది, నెత్తురు ఇంకో దారిన వస్తుంది, రెండూ మనవే. మన్యంలో కోయ, కొండ దొరల పక్కనే ముండా భాష మాట్లాడే సవరలు తరతరాలుగా బతుకుతున్నారు. మన పెద్దలకు ఈ కలయిక కొత్త కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన హక్కు జన్యువుల శాతం మీద నిలబడలేదు. ఐదో షెడ్యూల్ మీద, 1/70 చట్టం మీద, పెసా మీద, అటవీ హక్కుల చట్టం మీద, అన్నిటికంటే ముందు ఆ నేల మీద తరతరాల చెమట మీద నిలబడింది. రేపు ఏదో పేపరు, మీరూ ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్లే అని రాస్తే పట్టా చెల్లకుండా పోతుందా? పోదు. అలాంటప్పుడు ఈ రోజు వచ్చిన పేపరు మీద హక్కు కట్టుకోవడమూ వద్దు. శాస్త్రాన్ని తెలుసుకోవడానికి చదువుదాం, దస్తావేజుగా వాడొద్దు.

మరి శాస్త్రం మనకు అక్కర్లేదా? కావాలి. చాలా కావాలి. 2009 పేపరులోనే ఇంకో సంగతి ఉంది. ఆంధ్ర వైశ్యులు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చారని తేలింది. వాళ్లలో కొందరికి ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు ఒంట్లోంచి త్వరగా దిగదు. ముందే తెలిస్తే ప్రాణం కాపాడుకోవచ్చు. 2017లో అదే బృందాల పని ఇంకా పెద్దదై, 260కి పైగా సమూహాలను చూసి, వాటిలో 81 సమూహాలకు ఇలాంటి బలమైన లక్షణం ఉందని చెప్పింది. పేపరు మందుగా మారితే ఎలా ఉంటుందో అందులో కనిపిస్తుంది. ఆ మేలు మన దాకా ఎప్పుడొస్తుంది అన్నదే ప్రశ్న.

మనకు సికిల్ సెల్ ఉంది. ఈ దేశంలో దాన్ని మొదట 1952లో గుర్తించింది నీలగిరి ఆదివాసీల్లోనే. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ జన్యువు వస్తే జబ్బు. ఒక్క వైపు నుంచే వస్తే మనిషి మామూలుగా ఆరోగ్యంగానే ఉంటాడు, పైగా మలేరియా నుంచి కొంత రక్షణ. మలేరియా అడవుల్లో తరతరాలు బతికారు కాబట్టే ఆ జన్యువు నిలిచింది. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. మూడేళ్లలో 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన అని లక్ష్యం. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా ఈ జబ్బుకు జన్యువును సవరించే చికిత్సకు అనుమతిచ్చింది. ధర మనిషికి 22 లక్షల డాలర్లు. మన గూడెంలో పీహెచ్‌సీకి హైడ్రాక్సీయూరియా బిళ్లలు క్రమంగా వస్తే అదే పదివేలు అన్న పరిస్థితి. శాస్త్రం ముందుకు పోతోంది, మనం నమూనా దగ్గరే నిలబడి ఉన్నాం.

ఇంకోవైపు, జీనోమ్ ఇండియా ప్రాజెక్టు దేశంలో 10,000 మంది పూర్తి జన్యుపటాలు సిద్ధం చేసింది. ఆ డేటా 2025 జనవరి నుంచి పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ప్రపంచ డేటాబ్యాంకుల్లో తెలుగువాళ్లంటే చాలాకాలం బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లే. 2015లో పూర్తయిన వెయ్యి జీనోముల ప్రాజెక్టులో తెలుగు పేరుతో ఉన్నవి వాళ్ల నమూనాలే. లేకపోవడమూ నష్టమే. మన జన్యువుల గురించి తెలియకపోతే మందులు మన ఒంటికి సరిపోయేలా తయారు కావు. మాట లేకుండా ఉండటం ఇంకా నష్టం. అందుకే మనం తలుపులు మూసెయ్యమనడం లేదు. మేం నమూనాలం కాదు, భాగస్వాములం అంటున్నాం.

అనుమతి లేకుండా పని జరిగితే ఏమవుతుందో మన ఖమ్మం జిల్లాకు తెలుసు. 2009లో అక్కడ సుమారు 14,000 మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉన్న మన పిల్లలు చాలామంది. టీకా మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ మన చర్చ కాదు. పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తప్పుపట్టింది. కన్నతల్లి గూడెంలో ఉండగా బిడ్డ తరఫున వార్డెన్ ఎలా ఒప్పుకుంటాడు?

రాతలో మనకు రక్షణ ఉంది. ఐసీఎంఆర్ 2017 నీతి మార్గదర్శకాల్లో గిరిజనుల గురించి స్పష్టంగా ఉంది. వాళ్ల ఆరోగ్యానికి పనికొచ్చే పరిశోధన అయితేనే చెయ్యాలి, దాని మేలు వాళ్లకు అందాలి. కలెక్టరో, గిరిజన సంక్షేమ అధికారో అనుమతి ఇవ్వాలి. ఊరి పెద్దలతో మాట్లాడి, వాళ్ల భాష తెలిసినవాళ్ల ద్వారా, సాక్షుల ముందు ఒప్పుదల తీసుకోవాలి. దక్షిణాఫ్రికాలోని శాన్ జనం ఇంకో అడుగు ముందుకేశారు. తమ మీద వచ్చిన పేపర్లతో మనసు నొచ్చుకుని, 2017లో తమ నియమావళి తామే రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, ఆదరణ, ఈ నాలుగూ ఉంటేనే మా దగ్గరకు రండి అన్నారు. ఆ పని మన గ్రామసభలు చెయ్యలేవా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీ ఊరికి నెత్తురు పరీక్షల క్యాంపు వస్తే పారిపోకండి, గొడవా పడకండి. పరీక్ష చేయించుకోండి, అది మన ఆరోగ్యం. కానీ అడగండి. ఇది చికిత్స కోసమా, పరిశోధన కోసమా, రెండింటికీనా? ఈ నెత్తురు ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది? ఇంకో పరిశోధనకు వాడితే మళ్లీ వచ్చి అడుగుతారా? నా రిపోర్టు నాకెప్పుడిస్తారు? నాలో ఆ జన్యువు ఉందన్న సంగతి నా పెళ్లి సంబంధాల దాకా పాకకుండా ఎలా కాపాడతారు? పేపరు అచ్చయ్యాక ఆ సంగతి మా భాషలో మా గ్రామసభకొచ్చి చెప్తారా? జవాబులు కాగితం మీద తీసుకోండి, ఒక కాపీ ఊళ్లోనే ఉంచండి. నిజాయితీ ఉన్న పరిశోధకుడికి ఇవి ఇబ్బంది పెట్టే ప్రశ్నలు కావు. అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్లకు మనం తోడుండాలి.

అడగడంతోనే ఆగొద్దు. డిగ్రీలో బయోటెక్నాలజీ, జువాలజీ, స్టాటిస్టిక్స్ చదువుతున్న మన పిల్లలు ఆ ల్యాబుల దాకా వెళ్లాలి. ఇప్పటిదాకా ఆ పేపర్లలో మనం ఒక నంబరుగా, ఒక పట్టికలో ఒక వరుసగా ఉన్నాం. ఇక మీద రాసినవాళ్ల పేర్ల వరుసలో కుమ్రం, మడావి, సోయం, కుంజా, సవర ఇంటిపేర్లు కనపడాలి. గూడెం భాషలో ప్రశ్న వేసి, గూడెం భాషలోనే జవాబు చెప్పే శాస్త్రవేత్త మన ఇంట్లోంచి రావాలి. ఆ రోజు ఖాళీగా ఉన్న ఆ రెండో గడిని నింపేది మనమే.

జల్, జంగిల్, జమీన్ మనవని కుమ్రం భీం చెప్పాడు. ఒంట్లో పారే నెత్తురు కూడా మనదే. దాని లెక్క అడిగే హక్కూ మనదే.

జై ఆదివాసీ!